నయమైపోయిందని చెప్పు

ఓవిడియో పోయిన రోజు లోయలో గాలి లేదు. నవంబరు చివర అలాంటి రోజు దొరకడం అరుదు. తోటల చుట్టూ గాలికి అడ్డంగా వరసగా పెంచిన పోప్లర్ చెట్లు పొద్దున్నుంచీ ఒక్క ఆకైనా కదపలేదు. తెల్మా బడికి బయల్దేరేటప్పటికి అన్నయ్య వంటింటి గడప మీద కూర్చుని మాతె ఆకుల టీ తాగుతున్నాడు. రెండో చెయ్యి భుజం వెనక్కి పోనిచ్చి నొక్కుకుంటున్నాడు.

"మళ్ళీ ఆ నొప్పేనా?" అంది తెల్మా.

"రాత్రి పక్క కుదర్లేదు. అంతే."

"వారం నుంచీ కుదరని పక్క ఇవాళ కొత్తగా కుదురుతుందా? ఆస్పత్రికి వెళ్ళు. డాక్టరు ఏమన్నాడో బడికి ఫోన్ చేసి చెప్పు."

"చిత్తం, టీచరుగారూ."

విసుగొస్తే అలాగే అనేవాడు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. తండ్రి వేసిన రెండు ఆపిల్ తోటలూ, ఎగువదీ దిగువదీ, అన్న చూసుకునేవాడు. చెల్లెలు ఊరి బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా ఇద్దరూ యాభై దాటారు.

తెల్మా తరగతిలో ఉన్నంతసేపూ సెల్‌ఫోన్ ఆపేసేది. అందుకని ఓవిడియో ఏదైనా చెప్పాలంటే బడి వంటింటికి ఫోన్ చేసేవాడు. ఆ రోజు రెండో విరామంలో వంటమనిషి చోలా చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది.

"మీ అన్నయ్య చేశాడు టీచర్. నయమైపోయిందని చెప్పు, కంగారు పడొద్దని చెప్పు అన్నాడు."

తెల్మాకి గుండె మీంచి బరువు దిగినట్టయింది. పిల్లలకి భాగహారం చెప్పడానికి వెళ్ళిపోయింది. మామూలుకంటే ఓపిగ్గా చెప్పింది కూడా.

ఆమె పాఠం ముగించేలోపే ఓవిడియో దిగువ తోటలో, కాలువ తూము పక్కన పడిపోయాడు. పక్క తోట బసిల్యో చూసి పరిగెత్తుకొచ్చేసరికే అయిపోయింది. గుండె ఆగిందన్నారు.

డిసెంబరులో వేసవి సెలవులకి బడి మూశారు. తెల్మా దిగువ తోటకి వెళ్ళే గేటుకి గొలుసు చుట్టి తాళం వేసింది. ఎగువ తోట పనులు బసిల్యో తన పనులతో పాటే చక్కబెట్టాడు. దిగువ తోటకి నీళ్ళు మాత్రం కాలువ గట్టు మీంచే వదిలేవాడు. లోపలికి వెళ్ళనా అని ఒకసారి అడిగితే తెల్మా వద్దంది. ఆ మొహం చూసి అతను మళ్ళీ అడగలేదు. క్రిస్మస్‌కి భోజనానికి రమ్మని బసిల్యో భార్య ఎర్మెలిందా రెండుసార్లు వచ్చి పిలిచింది. తలనొప్పి అని చెప్పి తెల్మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఓవిడియో మంచివాడని అందరూ అన్నారు. కాదని తెల్మా ఎలా అంటుంది? కానీ ఎవరితోనూ పైకి అనలేని మాట ఒకటి ఆమె లోపల ఉండిపోయింది. అన్నయ్య అబద్ధం చెప్పాడు. ఆ రోజు అతను ఆస్పత్రి గడప తొక్కలేదు. ఆమె తర్వాత వెళ్ళి కనుక్కుంది, అక్కడెవరూ అతన్ని చూడలేదు. చెల్లెలి నోరు మూయించడానికి నయమైపోయిందని చెప్పించాడు. ఆ మాట నమ్మి ఆమె బడిలో కూర్చుంది. ఆ మాట రాకపోయుంటే మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికి వచ్చేది. పుట్టి బుద్ధెరిగాక అన్న ఆమెతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఏడుపు రావలసినచోట కోపం వచ్చేది.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. బసిల్యో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"టీచరమ్మా, నువ్వు కూర్చోమనకపోయినా కూర్చున్నాను. చెప్పబోయేది నిలబడి చెప్పే సంగతి కాదు."

"అమ్మో, పంతులుగారి ముందు పంతులు," అంది ఎర్మెలిందా. "చెప్పెయ్యవయ్యా. పిల్ల హడలిపోతోంది."

పిల్ల అంటే తెల్మా. ఎర్మెలిందా కంటే ఆమె రెండు నెలలు చిన్న.

బసిల్యో చొక్కా జేబులోంచి ఒక ఆపిల్ తీసి బల్ల మీద పెట్టాడు. చాకుతో రెండు ముక్కలు చేశాడు. గింజల దగ్గర గులాబీ రంగు పురుగు ఒకటి మెలికలు తిరుగుతోంది. చుట్టూ తవుడులా మలం.

"మీ దిగువ తోటలోది. కంచె మీంచి చెయ్యి చాపి కోశాను. నా కంచె పక్కనున్న జిగురు ఉచ్చులో రెక్కల పురుగులు కూడా పడ్డాయి. అవి నావి కావు."

"వాటి మొహాన ఇంటిపేరు రాసుందా?" అంది భార్య.

"నువ్వాగు. టీచరమ్మా, ఈ కాలువ కింద తోటలన్నీ కలిసి పురుగుని తికమక పెట్టే వాసన తీగలు కట్టుకున్నాం. ఒక్క తోటలో పురుగు పెరిగిందంటే అందరం మునిగినట్టే. ఇప్పుడు రెండో విడత రెక్కల పురుగు లేచే సమయం. అందుకని అడుగుతున్నాను. ఆ పొద్దున మేమిద్దరం ఊళ్ళో ఉన్నాం, ట్రాక్టరు చప్పుడు వినలేదు. ఓవిడియో పోయేముందు దిగువ తోటకి నయం చేశాడా, లేదా?"

ఈ లోయలో చెట్లకి మందు కొట్టడం అనే మాట ఎవరి నోటా రాదు. నయం చేయడం అంటారు. రేపు మేం నయం చేస్తున్నాం, ఆరేసిన బట్టలు లోపలికి తీసుకో అని కంచె మీంచి కేకేస్తారు. మా నాన్న పొద్దున్నే లేచి నయం చేశాడు అని మూడో తరగతి పిల్లలు వ్యాసాల్లో రాస్తారు. తెల్మా ఆ వాక్యాన్ని ఎన్నడూ ఎర్రసిరాతో దిద్దలేదు. అందులో తప్పేముంది? ఆమె తండ్రీ అలాగే అనేవాడు, అన్నా అలాగే అనేవాడు. నయం చేశాడా అన్న మాట ఇప్పుడు బసిల్యో నోట వినగానే ఆమెకి చోలా తెచ్చిన కబురు గుర్తొచ్చింది.

"ఏమైంది తెల్మా?" అంది ఎర్మెలిందా.

"ఏం లేదు. నాకు తెలీదు. అన్నయ్య లెక్కలన్నీ తలలోనే పెట్టుకునేవాడు."

"నేను షెడ్డులో చూశాను," అన్నాడు బసిల్యో. "మందు ట్యాంకు పొడిగా, శుభ్రంగా ఉంది. అసలు నింపనే లేదనుకుంటాను. నయం చెయ్యకుండా ఇన్నాళ్ళు వదిలేసి ఉంటే ఇక ఒకటే దారి. కాయంతా దులిపి పాతెయ్యాలి. దులిపినా లాభం లేదని పురుగు ఆఫీసువాళ్ళు అంటే, యంత్రం తెచ్చి చెట్లు వేళ్ళతో పెకలిస్తారు. దిక్కులేని తోటలన్నిటికీ అదే చేస్తున్నారు."

"దిక్కులేని అన్న మాట నోట్లోంచి రాకపోతే ఏం పోయింది నీకు?" అంది ఎర్మెలిందా.

"ఆ తోట మా నాన్న వేసింది," అంది తెల్మా. "ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూసి చెప్పేదాకా ఆగండి బసిల్యోగారూ. వాళ్ళు పెకలించమంటే పెకలిద్దాం."

"గురువారం దాకా ఆగుతాను. పురుగు మాత్రం ఆగదు."

వాళ్ళు వెళ్ళగానే తెల్మా సైకిలెక్కి చోలా ఇంటికి వెళ్ళింది. చోలా పెరట్లో టమాటాలు కోస్తోంది.

"ఆ రోజు అన్నయ్య సరిగ్గా ఏమన్నాడు చోలా? ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్పాను కదా టీచర్. నయమైపోయిందని చెప్పు, కంగారు పడొద్దని చెప్పు."

"తనకి నయమైందన్నాడా? తోటకా?"

చోలా నోరు తెరుచుకుని చూసింది. "నాకు నయమైందనీ అనలేదు, తోటకనీ అనలేదు. వట్టినే నయమైపోయింది అన్నాడు. నేను, దేవుడి దయ, ఇంక ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. దానికి నవ్వాడు."

"నవ్వాడా?"

"గట్టిగా నవ్వాడు టీచర్. ఎందుకు నవ్వాడో నాకేం తెలుసు? పాలు పొంగిపోతుంటే ఫోన్ పెట్టేశాను."

ఇంటికి వస్తూ దారి పొడుగునా తెల్మా ఆ నవ్వు గురించే ఆలోచించింది. తోటకి మందు కొట్టడం పూర్తిచేసి, మనిషి ఆరోగ్యం గురించి దీవెన వింటే ఎవరైనా నవ్వుతారు. చెల్లెల్ని సులువుగా నమ్మించేశానని కూడా నవ్వొచ్చు. ఏది నిజమో నవ్వు చెప్పదు. చెట్లు చెబుతాయి. బసిల్యో తెచ్చిన కాయలోలాగే దిగువ తోటంతా పురుగుంటే ఓవిడియో మందు కొట్టలేదన్నట్టు. అంటే ఆ మాట తన గురించే అన్నాడన్నట్టు, తోటా పోయినట్టు, అబద్ధమూ మిగిలినట్టు. మిగతా కాయ శుభ్రంగా ఉంటే రెండూ తప్పుతాయి.

మర్నాడు ఆమె గేటు తాళం తీసింది. ఎర్మెలిందా చేతిలో అట్ట పట్టీల కట్టతో ముందే వచ్చి నిలబడి ఉంది. పురుగు కాయలోంచి దిగి బెరడు సందుల్లో దాక్కోవాలని చూస్తుంది. మాను చుట్టూ ముడతల అట్ట కడితే అందులో దూరుతుంది, తర్వాత అట్టతో సహా కాల్చేయవచ్చు. ఇద్దరూ వంగి ఒక్కో మానుకీ కట్టుకుంటూ వెళ్ళారు. తెల్మా మానుల వైపు తప్ప పైకి చూడలేదు. తూము దగ్గరికి వచ్చినప్పుడు ఎర్మెలిందా కావాలనే ఆ పక్క తను నడిచింది.

కొమ్మ చివర వేలాడుతున్న ఎర్రటి వాసన తీగ తెల్మా జుట్టుకి తగిలింది.

"జాగ్రత్త," అంది ఎర్మెలిందా. "దానికి ఆడపురుగు వాసనట. మగపురుగులు తోటంతా ఆడదే అనుకుని, ఏది ఎక్కడుందో తెలీక పిచ్చెక్కి తిరుగుతాయట. మా ఆయనకైతే తీగ కూడా అక్కర్లేదు. ఊళ్ళో పెళ్ళి భోజనం చాలు."

తెల్మా నవ్వింది. నవ్వాక చేత్తో నోరు మూసుకుంది, తప్పు చేసినట్టు.

"నవ్వు, ఏం కాదు," అంది ఎర్మెలిందా. "ఓవిడియోకి కూడా చెప్పాను ఈ మాట. పగలబడి నవ్వాడు."

కంచె పక్క ఆఖరి వరసకి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ నవ్వడం మానేశారు. అక్కడ కాయలకి చిల్లులున్నాయి. కింద రాలినవి కూడా ఉన్నాయి. తెల్మా వాటిని ఏరి సంచిలో వేసి మూతి బిగించింది.

గురువారం పొద్దునే పురుగు ఆఫీసు బండి వచ్చింది. అందులోంచి దిగిన వ్యవసాయ ఇంజనీరు యమీలాకి ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్మా దగ్గర మూడో తరగతి చదివిన పిల్ల.

"ఎనిమిదో ఎక్కం రాలేదని నన్ను గోడ దగ్గర నించోబెట్టారు టీచర్. ఇవాళ పరీక్ష మీకు."

"ఎనిమిదేడులు ఎంత?" అంది తెల్మా.

"యాభై ఆరు కాదు కదా?" అని యమీలా నవ్వి ఆమెని కావలించుకుంది. కావలించుకుని కాసేపు వదల్లేదు. "అంత్యక్రియలకి రాలేకపోయాను. ఆ వారం పని మీద వేరే లోయలో ఉన్నాను."

నిచ్చెన తెల్మానే పట్టుకుంది. యమీలా చెట్టెక్కి కొమ్మల కొనల దగ్గర కాయలు తిప్పి చూసి, అనుమానం ఉన్నవి కోసి చాకు పెట్టింది. పురుగు ముందు పట్టేది చెట్టు తలనే. వెనకాలే బసిల్యో చేతులు కట్టుకుని, వరస మారినప్పుడల్లా ఒక అడుగు దూరంలో నడిచాడు. ఎర్మెలిందా కుర్చీ తెచ్చుకుని నీడన కూర్చుంది. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అంది.

కంచె వరసలో చిల్లుకాయలు చూసి యమీలా పెదవి విరిచింది. తెల్మా ఆమె మొహం కేసి చూడడం మాని నిచ్చెన మెట్టునే చూస్తూ నిలబడింది. రెండో వరసలో అక్కడొకటి, ఇక్కడొకటి. మూడో వరసలో లేవు. అక్కణ్ణుంచి యమీలా చెట్టు తర్వాత చెట్టు చూసుకుంటూ పోయింది. తోట మధ్యకి వచ్చాక ఒక కాయ కోసి, కిందికి దిగి, తెల్మా అరచేతిలో పెట్టింది.

"ఏం కనిపిస్తోంది టీచర్?"

కాయ చెంప మీద సూదిమొన గుచ్చినంత మచ్చ ఉంది. ఎండి, గోధుమరంగు పెచ్చు కట్టుకుంది.

"పురుగు," అంది తెల్మా.

"కొయ్యండి."

తెల్మా కోసింది. మచ్చ కింద గోరంత లోతు కూడా లేదు. ఆపైన తెల్లటి గుజ్జు, శుభ్రమైన గింజలు.

"ఇక్కడ కొరికింది," అంది యమీలా. "లోపలికి పోదామనుకుంది. పోలేకపోయింది, తోలు దగ్గరే చచ్చింది. తర్వాత కాయ పెరిగి ఆ దెబ్బ మీద పెచ్చు కట్టుకుంది. అది కొరికిన రోజు కాయ మీద మందుందన్నమాట. మచ్చ ఎంత చిన్నదో చూడండి. కాయ నిమ్మకాయంత ఉన్నప్పటిది ఇది. అంటే నవంబరు చివరిది. ఈ వరసల్లో ఇలాంటి మచ్చలు బోలెడు చూశాను, ఒక్కదాని లోపలా పురుగు లేదు. చెట్టు తల దాకా మందు తడి అందింది. గాలి లేని రోజు కోసం కాచుకుని కొట్టినవాళ్ళ పనే ఇది."

"నయం చేశాడన్నమాట," అన్నాడు బసిల్యో.

"చేశాడు," అంది తెల్మా. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఫోన్ చేసి చెప్పాడు కూడా. నేనే ఇంకోలా విన్నాను."

"మరి ట్యాంకు?" అన్నాడు బసిల్యో.

నీడలోంచి ఎర్మెలిందా లేచి వచ్చింది. "పని అవగానే ట్యాంకు కడిగి పెట్టేవాళ్ళు కూడా లోకంలో ఉంటారయ్యా. నువ్వెన్నడూ కడిగి ఎరుగవు. అందుకే కడిగిన ట్యాంకు కనబడితే వాడలేదనుకున్నావు."

బసిల్యో మొహం ఎర్రబడింది. టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "టీచరమ్మా, నేను యంత్రం వాడితో కూడా మాట్లాడి పెట్టాను. ఇవాళే వెళ్ళి వద్దని చెప్పేస్తాను."

"చెప్పండి," అంది తెల్మా. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నిండిపోయి ఉన్నాయి. ఆ కన్నీళ్ళు ఇన్నాళ్ళూ రానివి. ఆమె తుడుచుకోలేదు.

ఓవిడియో అబద్ధం ఆడలేదు. తన గురించి అసలు ఒక్క ముక్కా మాట్లాడలేదు, ఎప్పుడూ మాట్లాడలేదు, ఆ రోజూ అంతే. భుజం నొప్పితోనే ట్రాక్టరెక్కి, గాలి లేని పొద్దుటి పూట తోటంతా తిరిగి, ట్యాంకు కడిగి, గాలి ఆగక వాయిదా పడుతూ వచ్చిన పని అయిందని, ఇక కంగారు పడొద్దని చెల్లెలికి కబురు పెట్టాడు. ఆస్పత్రి సంగతి మర్చిపోయాడో, మర్నాటికి వాయిదా వేసుకున్నాడో, అది మాత్రం ఇక తెలియదు. అది తెలియకపోయినా ఆమె ఓర్చుకోగలదు. చోలా దీవెన విని ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ సంగతి చెప్పి మళ్ళీ నవ్వుదామనుకునే ఉంటాడు.

యమీలా కంచె దగ్గరికి తిరిగి వెళ్ళి, కాలువ గట్టు మీదికి చూసింది.

"ఇంతకీ ఈ పురుగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఆ పెద్ద పియర్ చెట్టు ఎవరిది టీచర్?"

గట్టు మీద, ఈ తోటకీ బసిల్యో తోటకీ మధ్య, పోప్లర్లతో పోటీపడి పెరిగిన ముసలి పియర్ చెట్టు ఉంది. దానికింద చిల్లుకాయలు పరుచుకుని ఉన్నాయి.

"మా అమ్మ పెట్టింది. అన్నయ్య దాన్ని నరకనిచ్చేవాడు కాదు."

"దాని తలకి ఏ ట్యాంకు మందూ అందదు. పురుగులకి అదే పుట్టిల్లు. కంచె వరసలోకి దిగినవన్నీ అక్కడివే, బసిల్యోగారి ఉచ్చులోవి కూడా."

"చూశావా, మా తోటవి కావన్నాను," అన్నాడు బసిల్యో భార్యతో.

"వాళ్ళ తోటవీ కావు," అంది ఎర్మెలిందా.

యమీలా తీర్పు క్లుప్తంగా చెప్పింది. తోట ఉంటుంది. కంచె పక్క రెండు వరసల్లో కాయ దులిపి సంచుల్లో కట్టి ఎండలో పడెయ్యాలి. ఈ వారంలోనే మళ్ళీ ఒకసారి నయం చేయాలి. పియర్ చెట్టు కొట్టెయ్యాలి.

"ఎన్ని మార్కులు?" అంది తెల్మా.

"గోడ దగ్గర నించోవక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం నలుగురూ తెల్మా వంటింట్లోనే భోంచేశారు. ఎర్మెలిందా ఇంట్లో ఏముందో చూసి, ఏమీ లేదని తిట్టి, తన ఇంటి నుంచి మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు తెచ్చింది. యమీలా నాలుగు తింది. బసిల్యో తన వంతు కాలువ నీళ్ళలో సగం దిగువ తోటకి ఇస్తానన్నాడు. ఎందుకన్నాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వద్దనలేదు. ఆ రాత్రి తెల్మాకి నిద్ర పట్టింది. పొద్దెక్కాక లేచింది.

శనివారం గాలి పడిపోయింది. బసిల్యో కంచె మీంచి కేకేశాడు. తెల్మా తీగ మీది బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళి, కిటికీలు మూసి, ట్రాక్టరు చప్పుడు వరస వరసకీ దూరమవడం విన్నది. చప్పుడు ఆగిన చాలాసేపటికి అతను తలుపు తట్టాడు.

"నయమైపోయింది టీచరమ్మా. తోటకి," అన్నాడు. తోటకి అన్న మాట కాస్త గట్టిగా అన్నాడు.

"ట్యాంకు కడిగారా?"

"కడిగాను. ఎర్మెలిందా పక్కనే నిలబడి కడిగించింది."

కంచె వరసల్లో కాయ దులపడం ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి పూర్తి చేశారు. అట్ట పట్టీలు కట్టడం కూడా పూర్తయింది. మధ్య వరసల్లో కాయ రంగు తిరుగుతోంది. కోతకి మనుషుల్ని మాట్లాడారు. గట్టు మీద రంపం తెచ్చి పెట్టారు. పియర్ చెట్టు కొట్టమని తెల్మా ఇంకా చెప్పలేదు.